మూడో తూటా

లాన్ మూవర్లు బాగుచేసే షెడ్డు నాది,
మిస్సోరీ కొండల్లో, రాతి గని మూతపడ్డాక మిగిలిన రోడ్డు మీద.
గడ్డి పెరగని నెలల్లో
జనం పిస్తోళ్ళు పట్టుకొస్తారు, తువ్వాలులో చుట్టి,
జబ్బుపడ్డ పిల్లిని తెచ్చినట్టు.

ఎక్కువగా ఆ ఒక్క రకమే.
నూట నలభై డాలర్లు, పన్నుతో కలిపి.
పైభాగం జింకు పోత, ఇటుకంత బరువు.
జేబులో వేసుకుంటే ప్యాంటు ఓ పక్కకి జారుతుంది.
దాన్ని చూసి నవ్వనివాడు లేడు,
కొనుక్కున్నవాడు తప్ప.

కోళ్ళ ఫ్యాక్టరీ రాత్రి కాపలా ఆర్లిస్ పెటిగ్రూ
తనదానికి గాడిద అని పేరు పెట్టుకున్నాడు.
"తంతుంది, మొరాయిస్తుంది, చావదు."
రెండు వేల తూటాలట, గోడ మీద సుద్దతో లెక్క.
బురదలో పడేశాడు, ట్రక్కు టైరు కింద పెట్టాడు,
చొక్కాకి తుడిచి పేల్చాడు.
బొటనవేలి పక్క చర్మం చిట్లిన చోటు చూపించి
పతకం చూపించినట్టు మురిశాడు.

ఓపల్ గ్రీర్‌కి డెబ్బై రెండేళ్ళు.
రెండు చేతులతో లాగినా పైభాగం కదలదు, స్ప్రింగ్ అంత బిగువు.
"లాగొద్దు. పైది గట్టిగా పట్టుకుని, పిడిని ముందుకి తొయ్యి," అన్నాను.
నాలుగోసారికి కటుక్కుమంది.
ఖాళీ పిస్తోలు బల్లమీద పెట్టి
తనకి తనే చప్పట్లు కొట్టుకుంది.

దీని జబ్బు నాకు తెలుసు.
గుండ్రటి ముక్కు తూటాలైతే మింగుతుంది,
బోలు ముక్కువి పెడితే ఉమ్మేస్తుంది.
అంతా మ్యాగజైన్ పెదవుల్లో ఉంది.
వెంట్రుకవాసి విచ్చుకుంటే చాలు,
తూటా తలవంచుకుని గోడకి కొట్టుకుంటుంది.
పట్టకారుతో ఒక నొక్కు, గరుకు కాగితంతో నాలుగు రుద్దులు,
పది డాలర్లు.

నవంబరులో డెల్మా హాస్కిన్స్ వచ్చింది.
ట్రక్కు ఇంజిను ఆపలేదు.
బ్రెడ్డు సంచిలో లైల్ పిస్తోలు.
"మూడోదానికి ఇరుక్కుంటోంది. బాగుచేయించుకు రమ్మన్నాడు."
చూశాను. ఎడమ పెదవి. అయిదు నిమిషాల పని.
పట్టకారు అందుకోబోతే
ఆమె దాన్ని తన వైపు జరుపుకుంది.
"పోయిన నెల వంటింటి తలుపులోంచి రెండు దూసుకొచ్చాయి.
మూడోది రాలేదు."
బయట ఇంజిను దగ్గుతోంది.
"బాగుచేసినట్టు రసీదు రాయి."

రాశాను.
ముప్ఫయ్యేళ్ళలో చేయని పనికి నేను రాసిన ఒకే ఒక్క రసీదు.
అక్షరాలు ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చాయి.

ఆమె ట్రక్కు వంతెన దాటాక తట్టింది నాకు,
ఆ పెదవిని ఇంకాస్త వంచి ఉండాల్సింది,
మొదటిదే ఇరుక్కునేలా.
పట్టకారు అక్కడే ఉంది. చెయ్యీ అక్కడే ఉంది.
రెండు తూటాల మేర బుర్ర ఆలస్యం.

నాలుగో రోజున లైల్ వచ్చాడు.
పిస్తోలు బల్లమీద విసిరాడు, బోల్టుల డబ్బా ఒలికింది.
"ఏం బాగుచేశావ్?"
"డబ్బు కొద్దీ సరుకు, లైల్," అన్నాను,
నేలమీద బోల్టులు ఏరుతూ, ముఖం పైకెత్తకుండా.
"స్ప్రింగ్ మార్చాలి. ఒహాయో నుంచి తెప్పించాలి."
"ఎన్నాళ్ళు?"
"మంచు రోజులు. చెప్పలేం."

ఇప్పుడది నా సొరుగులో ఉంది,
కార్బురేటర్ల కింద, మూడు ముక్కలుగా.
ఏ స్ప్రింగూ రావడం లేదు.
శుక్రవారం శుక్రవారం ఫోను మోగుతుంది,
వచ్చిందా అంటాడు, రాలేదంటాను,
వాడి వెనకాల ఇంట్లో ఏదైనా వినబడుతుందేమోనని
చెవి గట్టిగా ఆనించి ఉంచుతాను.

టీవీ శబ్దం. ఒకసారి పళ్ళేలు.

పోయిన వారం వాడికి వేరే దుకాణం పేరు ఎవరో చెప్పారట.
నూట నలభై డాలర్లే కదా అన్నాడు.