ముల్లు దిగేదాకా

కోబార్ దాటి తొంభై కిలోమీటర్లు.
ఎర్రమట్టి, మల్గా పొదలు,
కంచె పొడుగునా ఎవరివో తెలియని మేకలు.
డాష్‌బోర్డులో ముల్లు
నడిమిగీత విడిచి ఎర్రగీత వైపు జరగడం
ముందు నేనే చూశాను.

ఏసీ ఆపేశాను.
హీటర్ చివరంటా తిప్పాను.
"మతిపోయిందా మృణాళినీ?" అన్నాడు రఘునందన్.
బయట నలభై మూడు డిగ్రీలు.

మతి ఉండబట్టే.
ఇంజన్ ఒళ్లు కాలిపోతోంది,
ఆ సెగలో కాస్త మనం పుచ్చుకుంటే
ఆగే చోటు దొరికేదాకా ఓర్చుకుంటుంది.
అద్దాలు దించాం.
మొహం మీద ఎవరో కుంపటి విసురుతున్నట్టు గాలి.
చెమట కళ్లలోకి దిగి ఉప్పగా మండింది.

ఎడంపక్క కంకర వెడల్పైన చోట
మెల్లగా దింపి తాళం తిప్పేశాను.
పసుపు దీపాలు టిక్కు టిక్కుమంటున్నాయి,
వినడానికి మేకలు తప్ప ఎవరూ లేరు.

బానెట్ అంచుల్లోంచి సన్నగా ఆవిరి.
ఆయన చేతిలో అప్పటికే తువ్వాలు.

ఈ మనిషి నాకు తెలుసు.
కుక్కర్ కూత ఆగకముందే
కుళాయి కింద పెట్టి మూత లాగే మనిషి.
కవరుతోపాటు లోపలి ఉత్తరాన్నీ చింపే మనిషి.
డబ్బో ఇంట్లో వంటింటి కప్పుకి అంటిన పప్పుని
స్టూలెక్కి గీకింది నేనే.

"అరగంట" అన్నాను.
"నీళ్లున్నాయిగా, పోసేద్దాం."
"అరగంట."

రోడ్డుకి ఎడంగా, నీడ అనడానికి సిగ్గుపడే పొద కింద
చెరో పక్కకి తిరిగి కూచున్నాం.
మూడు ట్రైలర్ల లారీ ఒకటి పోయింది,
మా కారు ఊగి, మళ్లీ కుదురుకుంది.
ఆయన ఇరవై మూడుసార్లు గడియారం చూశాడు.
నేను లెక్కపెట్టడానికే చూశాను.

పాత పికప్ బండి ఆగింది.
దిగిన ముసలామె పేరు షర్లీన్, అది తర్వాత తెలిసింది.
పేరూ ఊరూ అడక్కుండా
"మూత తీశారా?" అంది.
"లేదు."
చొక్కా చెయ్యి మోచేతి పైకి లాక్కుంది.
మణికట్టు నుంచి పైదాకా
ముడుచుకుపోయి నిగనిగలాడే చర్మం.
చూపించిందో,
ఉక్కకి లాక్కుందో, చెప్పలేను.
రఘునందన్ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

బానెట్ ఎత్తితే సంగతి తెలిసింది.
రేడియేటర్ మొహం నిండా మిడతలు,
గాలి దూరే సందు లేకుండా
రెక్కలూ కాళ్లూ ఎండి అతుక్కుని.
షర్లీన్ ఒక రంగుల బ్రష్ ఇచ్చి పోయింది,
తిరిగివ్వక్కర్లేదంది.

మూత చేతికి చల్లబడ్డాక
పైన తువ్వాలు కప్పి, పావు తిప్పు.
చిన్నగా ఉస్సుమని నిట్టూర్చింది, అంతే.
నేను నీళ్లు పోస్తున్నంతసేపూ
ఆయన గొంతుక్కూచుని
ఒక్కొక్క మిడతనీ విడదీశాడు,
కాలు విరక్కుండా,
అవి ఇంకా బతికున్నట్టు.

విల్కానియా వైపు బయల్దేరాం.
ముల్లు నడిమిగీత మీద నిలబడింది.
ఇద్దరం దాన్నే చూస్తున్నాం.
"హీటర్ ఆపనా?" అన్నాను.
"ఇంకాసేపు
ఉండనీ."