చేత్తో చూడుండ్రి

ముప్పై నాలుగేండ్లు ఎంజీఎం దవాఖానల
ఎక్స్‌రే గదిల పని చేసినోన్ని.
కొత్తవాడ జంఖానా నేతోళ్లను, భూపాలపల్లి బొగ్గుబాయోళ్లను,
బీడీలు చుట్టే ఆడోళ్లను
ఆ చల్లటి ప్లేటుకు ఆనిచ్చి నిలవెట్టి
"ఊపిరి తీస్కో... పట్టు... ఇడువు" అన్నోన్ని.
ఇయ్యాల శంషాబాదుల, బెల్టు ముంగట, బూట్లిప్పి నిలవడి
ఒక్క రోలు కోసం బతిమాలుతున్న:
సారూ, దీన్ని దాంట్ల ఎయ్యకుండ్రి.

రోలు నాది కాదు.
మట్టెవాడ స్టూడియో ఓదేలుది.
లూనా మీదొచ్చి మా చీకటి గదిలకెల్లి
సీసాడు హైపో పట్టుకపోయెటోడు,
మారుగ మా పిల్లల ఫొటోలు ఊకెనే తీసిచ్చెటోడు.
మొన్నటి బోనాలప్పుడు పాణమిడిసిండు.
దినాలయినంక మల్లికాంబ
బియ్యం డబ్బలకెల్లి కెమెరా తీసి నా చేతుల పెట్టింది.
సూది ముప్పై ఒకటి మీద ఆగింది.
"ఏం తీసిండో నాకు చెప్పలేదన్నా.
ఇంక ఐదు మిగిలినయని మాత్రం రోజూ అనెటోడు."

కలర్ రోలు. మా హైపోకు లొంగేది కాదు.
హన్మకొండ చౌరస్తల అడిగితే పొల్లగాడు నవ్విండు,
"పెన్‌డ్రైవ్ ఉందా అంకుల్?"
మద్రాసుల ఒకాయన కడుగుతడట,
శుక్రవారం దాటితె ఆయన దుకాణం గూడ బందు.
కాజీపేటల రైలెక్కితె ఏ పంచాయితీ లేకపోవు.
దసరా రోజులు. వెయిటింగు నూట పన్నెండు.

రాత్రి కూసొని పాత సీసపు ఏప్రాన్ కత్తిరించి
రోలుకు గొంగడి కప్పినట్టు చుట్టిన.
తెల్లారగట్ల బస్సుల, జనగామ దాటినంక తెలివొచ్చింది:
సీసం చుడితె తెర మీద నల్లగడ్డ అగుపడ్తది,
నల్లగడ్డ అగుపడితె నేనైతె
కరెంటు పెంచి ఇంకోటి తీస్తుంటి.
భువనగిరిల చాయ్ హోటలాయనకు ఇచ్చిన ఆ ముక్కను.
ఏందిదన్నడు. బరువన్న.

ముందే చెప్తున్న, ముప్పై ఒకటిల పదకొండే వచ్చినయి.
గల్లీల ఆరేసిన జంఖానాలు,
మగ్గం గుంతల పండుకున్న పిల్లి,
పోచమ్మమైదాన్ కాడ గాజుల బండి మీద వాన.
ఒకదాంట్ల కెమెరాకు అడ్డం పెట్టిన మల్లికాంబ అరచెయ్యి,
గీతలన్నీ లెక్కపెట్టొచ్చు.
తక్కినయన్నీ మంచు.
మిషను చేసిందా, ఎండకాలాలు చేసినయా,
ఆ బియ్యం డబ్బా చేసిందా, నాకైతె తెల్వది.

కని అప్పుడు, బెల్టు కాడ, అదేదీ తెల్వదు.
పోలీసు పిలగాడు, మీసం ఇంకా సక్కగ రాలే.
"క్యా హై?"
"ఫొటోలు."
"దిఖావ్."
"చూపిస్తె పోతయి బేటా."
నాకచ్చిన వరంగల్ ఉర్దూల చెప్పిన:
వెలుతురు తగిల్తె పోతయి, మీ మిషను తగిల్తె పోతయి,
కొత్తది ఇంకా ఖతర్నాక్, చుట్టూ తిరిగి చూస్తది.
చేత్తో చూడు.
చూస్తె పోయేదాన్ని ఎట్ల చూడాలె అన్నట్టు
మొకం పెట్టిండు.
ఎనుక ఒకామె గడియారం చూస్కుంటున్నది.

ఆ కిరణం సంగతి నాకెరుకని అతనికి చెప్పలే.
ఎంతమంది రొమ్ముల మచ్చలు
డాక్టరు కంటె ముందుగాల నేను చూసి
బయట బెంచీ మీదున్న పెండ్లాం దిక్కు చూడకుంట
మొకం తిప్పుకొని పోయిన్నో చెప్పలే.
చూసుడంటె మంచిదే అనుకున్న ఇన్నేండ్లు.

రోలు తీస్కొని చెవికాడ పెట్టి ఊపిండు,
చింతకాయ లోపల ఎండిందా లేదా అని ఊపినట్టు.
తెల్లబట్ట ముక్కతోని తుడిచి
ఆ ముక్కను ఏదో డబ్బల పెట్టిండు.
డబ్బా ఆలోచన చేస్తున్నది.

గదువ పైకెత్తి, భుజాలు ముంగటికొంచి
నిలవడ్డ నేను,
ఎవలూ చెప్పకుండనే
ఊపిరి పట్టి.