నాలుగో పోర్టు

హవల్లీ సందులో, మెట్ల కింద దుకాణం.
పన్నెండు దినార్లన్నవాడు తొమ్మిదికి దిగాడు:
"బొమ్మ పడుతుంది, మాట పట్టదు, అందుకే."
అరచేయంత పచ్చ పలక,
నాలుగు ఇత్తడి నోళ్ళు.
వారంటీ అడిగితే టీ ఇప్పించాడు.

జాబ్రియాలో విల్లా. బల్ల కింద దూరి
డబ్బా విప్పి, స్లాటులో దుమ్ము ఊది
కార్డు నొక్కితే టక్కుమంది.
డ్రైవరు సీడీ మూడుసార్లు మొరాయించింది.
తెరంతా నీలం. ఇంకా నీలం.
ఆపైన గేటు వచ్చింది, గేటు మీద ఎండ,
కారు షెడ్డు, మెట్లు.

నాలుగోది వంటింట్లో పెట్టమంది మేడం.

నిచ్చెన పట్టుకున్నది రెడ్డెమ్మ, రాయచోటి మనిషి.
నా తెలుగు విని సగం నవ్వి
మిగతా సగం మింగేసింది.
"నా, దీనికి యాడ కనపడదు?"

బిగించబోయిన స్క్రూని
అర చుట్టు వెనక్కి తిప్పాను.
తెరలో పొయ్యి ఉంది, సింకుంది, పెరటి తలుపుంది.
ఫ్రిజ్జు పక్కన, బియ్యం బస్తా మీద
ఒక మనిషి కూర్చునేంత చోటు
లేదు.

"జేన్, జేన్" అంది మేడం, తెర చూసి.
డబ్బులు లెక్కపెట్టుకుని
స్క్రూడ్రైవర్లు సంచీలో సర్దుతుంటే
లోపల బస్తా జరిపిన చప్పుడు,
నాకొక్కడికే.