నాలుగొందల పదిహేడు బై ఎ

మే నెల. మాసబ్ ట్యాంక్‌లో మూడో అంతస్తు.
ఏసీ కారుతోంది, కింద బకెట్ పెట్టాం.
ఊళ్ళో నీళ్ళు లేవు.
నీళ్ళ ట్యాంకర్లు బుక్ చేసే సర్వీసుకి
నేను వర్ణన రాస్తున్నాను:
ఏం అడగొచ్చు, ఏ మాటల్లో అడగాలి,
అడిగితే ఏం తిరిగొస్తుంది.
ఇది కోడ్ కాదు.
కోడ్ చేయబోయే పనికి ముందే ఇచ్చుకునే మాట.

అందులో చిరునామా నాది కాదు, మున్సిపాలిటీ వాళ్ళది.
ఇంటి నంబరంటే ఏమిటో
వాళ్ళ స్కీమాలో వాళ్ళే తేల్చిపెట్టారు,
డాష్‌లెన్ని, బై తరవాత అక్షరం రావచ్చా, అన్నీ.
దిగుమతి చేసుకోవడమే నా పని.

మొదట బద్ధకించాను. మొత్తం కాపీ కొట్టి అతికించాను.
పదిహేను రోజులకి వాళ్ళు వార్డు చేర్చారు.
నా దాంట్లో వార్డు లేదు.
ఖాళీ చేసి వెళ్ళినవాడి రేషన్ కార్డులా
పాత చిరునామా నా దగ్గరే ఉండిపోయింది.

తుడిచేసి ఇంపోర్ట్ రాశాను. రాసిన చోటు తప్పు.
నేను తట్టింది ఇంకో వర్ణనని పిలిచే తలుపు.
"టైప్స్‌లో స్కీమా తెరువు, ఆ స్కీమా లోపల ఇంపోర్ట్,
అదీ మిగతా అన్నిటికన్నా ముందు,"
పుదీనా బిళ్ళ బుగ్గ మార్చుకుంటూ అంది ఫర్జానా.
స్కీమా ఎక్కడుందో చెప్పే దారి
నా లాప్‌టాప్ లోపలికి వేశాను.
నా దగ్గర పాసైంది. సర్వర్‌కి ఆ గల్లీ తెలీదు.

బిల్లు స్కీమా పిలిస్తే
దాని వెంట చిరునామా కూడా వస్తుందనుకున్నాను.
పెళ్ళికి పిలిచిన చుట్టం బావమరిదిని తెస్తాడేమో,
స్కీమాలు తేవు.
ఎవరి పేరు వాడుకుంటే
వాళ్ళని నువ్వే పిలవాలి, నీ నోటితో.

నేమ్‌స్పేస్ చూడ్డానికి వెబ్ అడ్రసులా ఉంటుంది.
బ్రౌజర్‌లో కొట్టాను. ఏమీ లేదు అక్కడ.
కాసేపు భయపడ్డాను.
తరవాత మా ఇంటిపేరు గుర్తొచ్చింది.
అదొక ఊరి పేరు. ఆ ఊరికి మాలో ఎవరూ పోలేదు,
అసలు ఉందో లేదో.
అయినా పెళ్ళికార్డు మీదా బ్యాంకు పాస్‌బుక్ మీదా
మేమెవరమో అదే చెప్తోంది.
పోవడానికి కాదు, పిలవడానికి.

అన్నీ సర్దాను. అయినా చెల్లదంది.
పేరు దొరకలేదట.
రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి
రెండున్నర గంటలు చూశాను.
వాళ్ళ పేరు చివర చిన్న ఏటవాలు గీత.
నాకు లేదు.
చెల్లని కాణీకి గీతలెక్కువంటారు,
నా కాణీకి ఒకటి తక్కువ.

ట్యాంకర్ లింబాద్రికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.
ఆసిఫ్‌నగర్‌లో నాలుగొందల పదిహేడుకీ
నాలుగొందల పదిహేడు బై ఎకీ మధ్య
ఒక మోరీ, మాటల్లేని రెండు కుటుంబాలు.
పోయిన ఎండాకాలం ఒకరి నీళ్ళు ఇంకొకరి సంపులో పోశాడు.
"గీత సూడలే మేడమ్,
ఐదు వేల లీటర్లు మళ్ళ తోడమన్నరు."

గీత పెట్టాను.
నాలుగూ ఇరవైకి తెర మీద ఒక్క ముక్క:
చెల్లుతుంది.
ఎవరూ తలెత్తలేదు. ఫర్జానా ఎప్పుడో వెళ్ళిపోయింది.
బకెట్ నిండింది,
తీసుకెళ్ళి మెట్ల దగ్గర ఎండిన కుండీలో పోశాను.
మట్టి చప్పుడు చేసింది.

మర్నాడు పొద్దున ఫోన్.
"మేడమ్, నాలుగొందల పదిహేడు వచ్చింది.
బై ఉన్నదా, లేదా?"
వెనక ప్లాస్టిక్ డ్రమ్ములు లాగుతున్న మోత,
ఎవరిదో కూతురు లైన్‌లో నిలబడనని ఏడుపు.
చూసి చెప్పాను.
ఉంది. బై ఎ.