ఉండ లెక్క

మెట్టుగూడ చౌరస్తా దాటినంక రెండో గల్లీ,
రేకుల కింద నా చింతమొద్దు.
నడుమ గుంట పడ్డది
మా నాయిన కొట్టీ, నేను కొట్టీ.
కోసేది ముల్లా సాబు, ఖీమా కొట్టేది నేను,
రెండు కత్తులు, ఒకటే తాళం.
మిషనుంది. గోనెసంచి కప్పి పెట్టిన.
దాని ఖీమా ఉండ కట్టదు,
తడి సున్నం లెక్క జారుతది.

శనివారం తెల్లారంగనే డోరీనమ్మ వస్తది
లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి, గొడుగే చేతికర్ర.
"బాల్ కర్రీకి బాబూ, కొవ్వు ఇంతే" అని
చిటికెనవేలి గోరు చూపిస్తది.
కొబ్బరిపాలల్ల ఉడికిన ఉండ, పక్కన పసుపన్నం.
వాళ్ల తాత ఇంజను నడిపే రోజుల్ల
బొగ్గు పార మీదనే టిఫిను వేడి చేసుకునెటోడట.
నిజమో కాదో. నా గురి ఆ గోరంత కొవ్వు మీద.

యాకుత్‌పురల పెండ్లిళ్లు వండే ఖుర్షీద్ మియా
ఉడికిన గుడ్డును ఖీమాల దాస్తడు.
నడిమికి కోస్తే తెల్లటి కన్ను, పచ్చటి పాప.
"నర్గిస్ పువ్వు అచ్చం ఇట్లనే ఉంటది" అంటడు.
పువ్వు నేను చూడలే. ఆయనా చూడలే.

తార్నాక హాస్టలు నుంచి ఒక వియత్నాం పిల్ల, థావ్.
ఆమెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు.
సంచిల నుంచి ఐసు తీసి మొద్దు మీద పోసింది,
కొట్టు, కొట్టు, ఇంకా కొట్టు అని సైగ.
గంటసేపు కొట్టిన. కండ కాస్తా జిగురైంది.
మర్నాడు గిన్నె పట్టుకొచ్చి
ఒక ఉండను మెట్టు మీదికి ఇసిరింది.
ఎగిరింది!
గల్లీ పోరగాళ్లు క్యాచ్ పట్టి అవుటని అరిసిండ్రు.

తబ్రీజ్ నుంచొచ్చిన సియామక్ వేరే చెప్పిండు.
వాళ్ల దిక్కు ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఉండ,
పసిపిల్ల తలకాయంత,
కడుపుల అక్రోట్లు, ఆలూబుఖారా.
"ఉడికేటప్పుడు పగిలితే?"
"పగిలితే అత్త నవ్వుతది."

మా అక్క బిడ్డ సారిక
దుర్గం చెరువు అవతల స్వీడన్ కుర్చీల దుకాణంల బిల్లు కొడ్తది.
మొన్న తీస్కపోయి తినిపించింది.
కోడిమాంసం ఉండలు ఎనిమిది, ఎనిమిదీ కవలలు,
పైన తెల్ల గ్రేవీ, పక్కన ఎర్రటి తియ్యటి మురబ్బ.
కూరల మురబ్బ ఏందే అన్న.
అన్నంక మొత్తం నాకిన.

వాపసు మెట్రోల నిలబడి
ఎందుకో మా అమ్మ రుక్మాబాయి యాదికొచ్చింది.

మేం ఏడుగురం. ముక్కల కూర వండితే కొట్లాట,
నల్లి ఎవని తలెల పడ్డది,
ఎవని తలెల ఉత్త బొక్క పడ్డదని.
అందుకే అమ్మ ముక్కలు బందు పెట్టింది.
దుకాణంల మిగిలిన తునకలు, చివరలు, నరాలు
అన్నీ దంచి, పుట్నాల పిండి కలిపి
మనిషికి రెండు ఉండలు, తూకమేసినట్టు.
ఉండల నల్లి లేదు, బొక్క లేదు, పెద్దోడు చిన్నోడు లేడు.
పావుకిల మాంసం తొమ్మిది మందికి సరిపోయే లెక్క అది.
ఏ దేశంలనైనా ఎవతో ఒకామె
రొట్టె నానేసో, బియ్యం కలిపో
ఈ లెక్కే కట్టి ఉంటది.

ఒకరోజు రాత్రి ఆకలై లేచిన.
పొయ్యి ఎనుక మూత పెట్టిన చిన్న గిన్నె.
అండ్ల ఒక్కటే ఉండ, మా ఉండలకు డబల్.
కొరికిన. పుట్నాల పిండి లేదు. ఉత్త మాంసం,
అందుల గుర్దా ముక్క కూడ.
అమ్మ తనకోసం దాసుకున్నది.
పొద్దుగాల నాలుగింటికి లేచి
మొద్దు కడిగి, కత్తులు నూరి, పేగులు తోమే అమ్మ.

కొరికిన దిక్కు కిందికి పెట్టి మూతేసిన.
ఎవ్వరికీ చెప్పలే.
ఆమె కూడ అడగలే.
కాకపోతే మర్నాడు నా రెండు ఉండలల్ల
ఒకటి జర చిన్నగున్నది.