తేలిన పళ్ళు

పనసగరువు మీద మంచు ఇంకా లేవలేదు.
ఎస్.కోట వైపు దిగే దారి
సగం దాకా ఉండి, ఆ తర్వాత లేదు.
నీలం టబ్బులో నీళ్ళు నింపుతున్నాను.

మా కాఫీ సంఘానికి ఆఫీసు లేదు.
పాత బడి వరండా ఉంది, దూలానికి కొక్కెం ఉంది,
కొక్కేనికి కాటా ఉంది.
అది కొన్న రోజున
ముప్పై ఒక్క మందిమీ ఒక్కొక్కరం
దానికి వేలాడి చూసుకున్నాం.
షావుకారి కుంచం తప్ప మరో కొలత ఎరగం,
మా బరువెంతో మాకే తెలియదు మరి.
గెమ్మెలి గాసమ్మ నలభై కేజీలు తూగింది.
"ఇంతేనేటే నాను?" అని నవ్వి,
మొలలో కత్తి తీసి పక్కన పెట్టి
మళ్ళీ వేలాడింది.

చేరాలంటే పట్టా చూపమన్నారు మొదట.
పట్టా మగాళ్ళది.
గోతులు తవ్విందెవరో, సిల్వరోక్ నీడలో
మొక్కకీ మొక్కకీ మధ్య ఎడం
పాదాలతో కొలిచిందెవరో,
మిరియం తీగని కోక పీలికతో చెట్టుకి కట్టిందెవరో
ఆ కాగితంలో లేదు.
"కాగితం తడిస్తే అచ్చరం పోతాది,
ఈ కాయలు పోతాయేటి?"
అంది జన్ని సుక్కమ్మ మీటింగులో
అరచేతులు రెండూ బల్ల మీద పరిచి.
మినిట్సు పుస్తకంలో నేను
'సభ్యత్వమునకు పట్టా అవసరము లేదని తీర్మానించడమైనది'
అని రాశాను.
ఆమె అన్నదే రాయాల్సింది.

నన్ను అధ్యక్షురాలంటారు.
అధ్యక్షురాలి పని పళ్ళు నీళ్ళలో పోయడం.
మునిగినవి లోపలికి, తేలినవి పక్కకి,
పచ్చివి తెచ్చినవాళ్ళ బుట్టలోకే.
దీనికి చదువక్కర్లేదు.
మొహం చూడకుండా ఉండడం రావాలి.

ఆ వేళ వరసలో ఏడో బుట్ట మా అత్తది.
పోశాను.
నీళ్ళ కింద పచ్చివి, నీళ్ళ మీద డొల్లవి.
ఎర్రవి వెతుక్కోవాలి.
పల్పరు తిప్పుతున్న చెయ్యి ఆగింది.
"నివ్వు ఈ ఇంటికొచ్చిన యేడు ఏసిన సెట్లే అయి"
అంది అత్త, మెల్లగానే.
షావుకారయితే తీసుకునేవాడు.
మొత్తానికీ పచ్చి ధర కట్టి
ఎర్రవి ఊరికే పట్టుకుపోయేవాడు.
ఆ మాట చెప్పాలని నోరు తెరిచి
బుట్ట వెనక్కిచ్చాను.
ఆమె నెత్తినెత్తుకోలేదు.
చంకన పెట్టుకుని వెళ్ళింది,
ఏడ్చే పిల్లని ఎత్తుకుపోయినట్టు.

రాత్రి చోడి అంబలి ఎవరి గిన్నె వాళ్ళం తాగాం.
మా ఆయన ఇటూ అటూ చూసి
మేకలకి ఆకు వెయ్యాలని లేచిపోయాడు.
పొయ్యి వెలుగులో అప్పుడు చూశాను.
ఆమె చెయ్యి గిన్నెకి జానెడు ఇవతల తడుముతోంది.
కళ్ళకి పొర.
ఎరుపూ పచ్చా ఆమెకి ఒకే బూడిద.
ఎన్నాళ్ళ నుంచో, ఒకే చూరు కింద.
ఊరందరి పళ్ళూ చూసే కళ్ళు నావి.

నేనేమీ అడగలేదు.
విజయనగరం కంటాసుపత్రికి వెళ్ళే జీపులో
రెండు సీట్లు చెప్పి వచ్చాను.
"కోత అవనీ" అంది.

వారానికి వచ్చింది, సగం బుట్టతో.
పండు పండునీ బొటనవేలితో నొక్కి చూసి
మెత్తనిది కోసి, గట్టిదాన్ని కొమ్మకే వదిలి...
చెట్టుకో పూట పట్టిందట.
పోశాను. మునిగాయి.
మూడు తేలాయి.
తీసి పారేయబోతుంటే
నీళ్ళ చప్పుడు విన్నట్టుంది, "ఎన్ని?" అంది.
"మూడే అత్తా, పోనీ."
"పోనీ ఏటి? రాయి.
ఆల్లందరికీ రాసినావు, నాకెందుకు రాయవు?"

రాశాను. తేలినవి: మూడు.
కాటా ముల్లు ఇంకా ఊగుతోంది.
ఎనిమిదో బుట్ట ముందుకి జరిగింది.