శివారు లైను

భీమవరం, ఉండి రోడ్డు, మేత కంపెనీ రెండో అంతస్తు.
ఏసీ చప్పుడు కింద చేపపొడి వాసన.
స్క్రీన్ మీద ఒక ఖాళీ గడి అడుగుతోంది:
ఒకేసారి ఎన్ని కాల్స్?

"ఎనిమిది పెట్టమ్మా," అన్నారు విజయరామరాజు గారు,
"లైనుకింతని నెలనెలా కట్టాలి కదా.
సగటు చూడు, గంటకి మూడు కూడా రావు."
నిజమే. సగటు ఎప్పుడూ నిజమే చెబుతుంది,
మోకాలి లోతని చెప్పి
నడిమి కాలవలోకి దింపుతుంది.

టెలిఫోను వాళ్ళ దగ్గర పోయిన శ్రావణం లెక్క తెప్పించాను.
పగలంతా ఒకటీ అరా, బిల్లు అందలేదనీ బస్తా తడిసిందనీ.
మబ్బు పట్టిన ఒక రాత్రి మాత్రం రెండున్నర దాటాక
అరగంటలో నలభై ఒకటి.
చెరువులో గాలి తగ్గిపోయే వేళ అది.
రొయ్య పైకొచ్చి గట్టు వెంబడి మూగుతుంది,
మనిషి ఫోను వెంబడి.

ఎనిమిది మంది మాట్లాడతారు.
పన్నెండు మంది వీణ పాట వింటూ నిలబడతారు.
ఇరవై ఒకటో మనిషికి టుంక్ టుంక్ టుంక్.
అతను మన పుస్తకంలోకి కూడా ఎక్కడు.

మా తాత లాకుల దగ్గర లస్కరు.
తలుపు ఎన్ని అంగుళాలు లేపాలో కాగితం చెప్పేది,
ఎవరి చేను నెర్రె విచ్చిందో గట్టు మీద నడక చెప్పేది.
రాత్రి రెండంగుళాలు ఎక్కువ లేపి
తెల్లారేసరికి దించేసేవాడట, కాగితానికి కోపం రాకుండా.
"శివారుకి అందని నీళ్ళు నీళ్ళు కాదే" అనేవాడు,
మాకు శివార్లో సెంటు లేకపోయినా.

ఎనిమిదిని పది చెయ్యడానికి రెండు టీలు పట్టింది.
పదకొండు అనగానే రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
సరే, పది. వరసలో పన్నెండు.
ఆ పైన వచ్చినవాళ్ళని ఏం చెయ్యాలి?
ఇంకో ఖాళీ గడి.
ఎవరూ చూడకుండా నా నంబరు కొట్టాను.

ఏడో రాత్రి, గొల్లవానితిప్ప వైపు ఉరుము.
మూడవుతుండగా మోగింది.
"డీవో పడిపోయిందమ్మా, కరెంటు లేదు, తేలిపోతన్నాయి..."
నేను డాక్టర్ని కాదండి, లైన్లు పెట్టే మనిషిని.
కాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
మేరీ సుకన్య గారు ఖాళీ అవగానే కలుపుతానండి, అన్నాను.
"సరే. అందాకా నువ్వే ఉండు."

ఉన్నాను.
ఫోను గట్టున పెట్టినట్టున్నాడు.
ఇంజను హ్యాండిలు తిప్పాడు, దగ్గింది.
మళ్ళీ తిప్పాడు, దగ్గింది.
టార్చి ఇటు పట్టరా అని ఎవరో కుర్రాడికి తిట్లు.
ఇక్కడ నా మంచమ్మీద
నేను ఊపిరి బిగబట్టి వింటుంటే
మూడోసారి తిరుగుతోంది హ్యాండిలు.